వాన ముంచెత్తిన రాత్రి కబురు అందాలంటే: హైదరాబాద్ కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

2020 అక్టోబరు 13 సాయంత్రం మా సరూర్‌నగర్ కాలనీలో కరెంటు పోయేసరికి నా ఫోనులో 80 శాతం ఛార్జింగ్ ఉంది. రాత్రి 11 దాటేసరికి అది ఆగిపోయింది. ఆ మధ్యలో నేను చేసిన కాల్స్ మూడే. వచ్చినవి 40కి పైగా. మేనత్తలు, పెదనాన్నలు, పాత స్నేహితులు, ఎప్పుడో వదిలేసిన ఆఫీసులోని సహోద్యోగులు అందరూ ఒకటే అడిగారు: "నీళ్లొచ్చాయట, ఎలా ఉన్నారు?" అందరికీ ఒకే జవాబు చెప్పాను. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది, బేగంపేటలో 19 దాటింది. మా వారు ఉప్పల్‌లో చిక్కుకుపోయారు. ఆయన ప్రయత్నించిన ప్రతిసారీ నా ఫోను ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి మోకాలి లోతు నీళ్లలో నడిచి ఇల్లు చేరిన మనిషి గడపలోనే నిలబడి, పిల్లలు ఉన్నారా అని అడిగారు. అప్పటిదాకా ఆయనకు ఆ ఒక్క ముక్క తెలియలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో ఫోన్లకు కొరత లేదు, టవర్లు కూడా చాలాసేపు పనిచేశాయి. లేనిది ఒక ఒప్పందం: ఎవరు ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి. దాన్ని ఇప్పుడు మా ఇంట్లో రాసి పెట్టుకున్నాం, ఏడాదికి నాలుగుసార్లు సాధన చేస్తున్నాం. మీ ఇంట్లోనూ చేసుకోవడానికి వీలుగా మెట్టు మెట్టుగా చెబుతాను. వాన, వరద మన ఊరికి దగ్గరి ప్రమాదాలు కాబట్టి ఎక్కువ ఉదాహరణలు వాటివే. అగ్నిప్రమాదమైనా, పెద్ద ట్రాఫిక్ దిగ్బంధమైనా, రోజంతా నెట్‌వర్క్ పోయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారు

ఒక తెల్ల కాగితం తీసుకోండి. మామూలు పనిదినాన ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు ఇంట్లో ప్రతి ఒక్కరూ ఎక్కడ ఉంటారో గంటల వారీగా గళ్లు గీసి రాయండి. తెలిసిన సంగతే కదా అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. రాశాక చూస్తే సాయంత్రం 5 నుంచి 7 మధ్య ఐదుగురం ఐదు చోట్ల ఉన్నాం: నేను నాంపల్లి ఆఫీసులో, మా వారు ఉప్పల్‌లో, అమ్మాయి మెట్రోలో, అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్‌లో, మా అమ్మ గుడిలో. హైదరాబాద్‌లో ఉరుములతో వచ్చే వానలు తరచుగా విరుచుకుపడేది కూడా ఆ వేళకే.

ప్రతి గడిలో మనిషి ఉన్న చోటుకు సంబంధించిన మరో నంబరు ఒకటి రాయండి. ట్యూషన్ మాస్టారిది, ఆఫీసు సెక్యూరిటీ గదిది, గుడి పక్క పూల దుకాణం ఆవిడది. మనిషి ఫోను ఆగిపోయినా ఆ చోటు ఫోను పనిచేస్తూ ఉండవచ్చు.

మీ ఇంటికీ ఆఫీసుకూ మధ్య మూసీ ఉందా? ఉంటే ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ మీది లోతట్టు వంతెనలు మూసేస్తారు. 2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ ఉప్పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లు వచ్చాయి, ప్రయాణికులు రాత్రివేళ అక్కడ చిక్కుకుపోయారు. నదికి ఆ ఒడ్డున చిక్కుకున్నవారు ఆ రాత్రి ఎవరింట్లో తలదాచుకోవాలో ముందే అనుకోవాలి. మా వారికి ఉప్పల్‌లో ఒక మిత్రుడి ఇల్లు, నాకు నారాయణగూడలో మా చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు. ఇద్దరినీ అడిగి, ఒప్పుకున్నాకే కాగితం మీద రాశాం.

రెండో మెట్టు: ఊరవతల ఒక కబురు మనిషి

మొత్తం ఏర్పాటుకు గుండెకాయ ఇదే. ఇంట్లోవాళ్లందరూ ఒకరికొకరు ఫోను చేసుకోవడం మాని, హైదరాబాద్‌కు దూరంగా ఉన్న ఒక్కరికే కబురు చెప్పాలి. మిగతావారి సంగతి ఆ ఒక్కరినే అడగాలి. ఐదుగురు ఒకరినొకరు వెతుక్కుంటే పది జతల మధ్య ఫోన్లు తిరగాలి. ఒకరికే చెబితే ఐదు కబుర్లు చాలు. పైగా మన ఊళ్లో లక్షల మంది ఒక్కసారిగా ఫోన్లు పట్టుకున్నప్పుడు ఇక్కడి టవర్లకే ఊపిరాడదు. ఇక్కడి నుంచి ఇక్కడికి చేసే కాల్‌కు రెండు కొసలూ ఆ రద్దీలోనే ఉంటాయి. వేరే ఊరికి చేస్తే ఒక కొసైనా తేలికగా ఉంటుంది.

ఎవరిని ఎంచుకోవాలి? మేము మొదట ఖమ్మంలోని పెద్దమ్మను పెట్టుకున్నాం. ఓపిక ఉన్న మనిషి, ఫోను ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. అయితే 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మమే మునిగింది. అదే వాయుగుండం ఇక్కడా వానలు కురిపిస్తోంది. పెద్దమ్మే ఎలా ఉందో తెలియక మేము కంగారు పడ్డాం. బంగాళాఖాతంలో పుట్టిన ఒకే వాయుగుండం విజయవాడ, ఖమ్మం, వరంగల్, హైదరాబాద్‌లను ఒకే రోజు తడపగలదు. కాబట్టి కబురు మనిషి ఈ దారిలో లేని ఊళ్లో ఉండాలి. ఇప్పుడు బెంగళూరులో ఉన్న మా వదిన ఆ పని చూస్తోంది. పుణేలో ఉన్న మా వారి తమ్ముడు రెండో మనిషి. వదిన దొరకకపోతే ఆయన.

దూరం ఒక్కటే చూడకండి. నెమ్మదైన మనిషి కావాలి. "అయ్యో, ఏమైంది, ఎందుకు అక్కడికి వెళ్లావు" అనే స్వభావం ఉన్నవారు ఎంత ప్రేమ ఉన్నవారైనా ఈ పనికి సరిపోరు. విన్నది విన్నట్టు, వేళతో సహా రాసుకునేవారు కావాలి. మా వదిన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. నాలుగు గడులు: ఎవరు, ఏ వేళకు, ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు. ఎవరైనా చేయగానే ముందు వాళ్ల మాట రాసుకుని, ఆ తర్వాత మిగతా నలుగురి సంగతి చదివి వినిపిస్తుంది. అంతకుమించి మాట్లాడదు.

మూడో మెట్టు: బంధువులను ఒప్పించడం

ఇది అన్నింటికంటే కష్టమైన మెట్టు. ఆపద వేళ ఫోను చేయవద్దని పెద్దవాళ్లకు చెప్పడం మన ఇళ్లలో తేలిక కాదు. పలకరించకపోతే తప్పని పెరిగిన మనుషులు వాళ్లు. మా పెదనాన్న మొదట నొచ్చుకున్నారు. "మేము పరాయివాళ్లమా అమ్మా?" అన్నారు. ఫోనులో ఈ సంగతి చెప్పడం నా పొరపాటు. ఆ తర్వాత దసరాకు వెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఆ 40 కాల్స్ సంగతి, మా వారు గడపలో అడిగిన మాట చెప్పాను. "పెదనాన్నా, ఆ రాత్రి మీ గొంతు వింటే నాకు ధైర్యమే. కానీ ఆయన ఫోను కలవలేదు. ఈసారి వదినకు చేయండి. మా సంగతి మాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది" అన్నాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి వదిన నంబరు రాసుకున్నారు. ఇప్పుడు మిగతా బంధువులకు సర్దిచెప్పేది ఆయనే.

ముఖాముఖి చెప్పండి, వానాకాలం రాకముందే చెప్పండి. ఫోను చేయవద్దని చెప్పి ఊరుకోకండి, ఎవరికి చేయాలో కూడా చెప్పండి. కుటుంబ వాట్సాప్ గ్రూపు వివరణలో కబురు మనిషి పేరు, నంబరు పెట్టండి.

నాలుగో మెట్టు: కబురు ఎంత పొట్టిగా ఉండాలి

రద్దీలో మాట కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళుతుంది. ఎందుకంటే కాల్ మాట్లాడినంతసేపూ టవర్‌లో కొంత చోటు పట్టుకునే ఉండాలి. ఎస్సెమ్మెస్‌కు క్షణకాలం సందు దొరికితే చాలు. అవతలి ఫోను ఆగిపోయి ఉంటే సందేశ కేంద్రంలో నిల్వ ఉండి, ఫోను మళ్లీ లేవగానే చేరుతుంది. ఆపదలో ఇంత ఓపికగా కాచుకునే సాధనం మన చేతిలో మరొకటి లేదు.

తెలుగులో రాసేవాళ్లు ఒక లెక్క తెలుసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ఒక్కోటీ విడిగా లెక్కకు వస్తాయి. కంటికి రెండక్షరాలే కనిపించే "క్షేమం" ఫోను లెక్కలో ఆరు. 70 దాటితే సందేశం ముక్కలవుతుంది, ఒక ముక్క ముందు, ఒక ముక్క వెనక చేరవచ్చు, లేదా ఒకటి చేరకనే పోవచ్చు. అందుకే మేము ఒకే ముక్కలో పట్టేలా ఒక అచ్చు చేసుకున్నాం. ఎవరు, ఎక్కడ, ఎలా, ఎటు, ఎప్పుడు. అన్నీ "ఎ"తోనే కాబట్టి పిల్లలకు ఒక్కరోజులో నోటికి వచ్చింది. నా కబురు ఇలా ఉంటుంది:

"అమ్మ. సరూర్‌నగర్ ఇంట్లో. క్షేమం. ఇక్కడే ఉంటాను. 9కి మళ్లీ."

లెక్కపెడితే 60 లోపే. చివరి మాటను మాత్రం ఎప్పుడూ వదలకండి. మళ్లీ ఎప్పుడు చెబుతారో తెలిస్తే అవతలివాళ్లు అప్పటిదాకా నిమ్మళంగా ఉంటారు. ఆ వేళ దాటితేనే వెతకడం మొదలుపెడతారు. వేళ చెప్పని "క్షేమం" పది నిమిషాలకే పాతబడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. స్మార్ట్‌ఫోనులో మెసేజ్ యాప్ తెరిచి పంపినదల్లా ఎస్సెమ్మెస్ కాదు. ఆండ్రాయిడ్‌లో ఆర్‌సీఎస్ అనే చాట్ సౌకర్యం, ఐఫోనులో ఐమెసేజ్ ఇంటర్నెట్ మీద నడుస్తాయి. డేటా లేకపోతే అవి అక్కడే ఆగిపోవచ్చు. సెట్టింగ్స్‌లో చాట్ వెళ్లకపోతే ఎస్సెమ్మెస్‌గా పంపే ఏర్పాటు ఉందేమో చూసి ఆన్ చేయండి. లేదంటే ఆపద వేళ చాట్‌నే ఆపేయండి. మీ రీఛార్జ్ ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఎస్సెమ్మెస్ పంపలేని పెద్దలకు మన పాత మిస్డ్ కాల్ పద్ధతి పెట్టండి. మా అమ్మ బటన్ల ఫోనులో 2 నొక్కి పట్టుకుంటే వదినకు వెళుతుంది. ఒకసారి మోగించి పెట్టేస్తే క్షేమం. వెంటవెంటనే రెండుసార్లు మోగిస్తే తిరిగి చేయమని అర్థం. పేరు తెర మీద పడుతుంది కాబట్టి ఎత్తనక్కర్లేదు. కాల్ అసలు కలిస్తేనే ఇది పనిచేస్తుంది, అందుకే దీన్ని రెండో దారిగానే ఉంచాం.

ఐదో మెట్టు: జేబులో చీటీ

ల్యాండ్‌లైన్ రోజుల్లో పది ఇళ్ల నంబర్లు మనకు నోటికి వచ్చేవి. ఇప్పుడు సొంత పిల్లల నంబరు కూడా రాదు. ఫోను నీళ్లలో పడితే, పక్కవాళ్ల ఫోను అడిగి తీసుకున్నా ఏ నంబరు నొక్కాలో తెలియదు. అందుకే కాగితం.

విజిటింగ్ కార్డు అంత అట్టముక్క మీద ఒక వైపు కబురు మనుషులిద్దరి నంబర్లు, ఇంట్లోవాళ్ల నంబర్లు. రెండో వైపు రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు, కలుసుకునే చోట్లు. లామినేషన్ చేయించి పర్సులో, స్కూలు సంచిలో, బండి డిక్కీలో పెట్టండి. ఇంటి చిరునామాను పిల్లల చీటీ మీద మేము రాయలేదు. నంబర్లు చాలు, చిరునామా ఎవరి చేతిలోనైనా పడవచ్చు.

చీటీ ఉన్నా రెండు నంబర్లు మాత్రం నోటికి రావాలి: కబురు మనిషిది, ఇంట్లో ఒకరిది. మా అబ్బాయి పది అంకెలను రెండేసిగా విడగొట్టి ఎక్కం చదివినట్టు రాగంతో నేర్చుకున్నాడు. రోజూ స్నానానికి వెళ్లేముందు ఒకసారి చెప్పమనేదాన్ని. వారంలో వచ్చేసింది.

పనిలో పనిగా ఇంటి రహస్య మాట ఒకటి పెట్టుకోండి. "మీ నాన్నకు ప్రమాదం జరిగింది, నాతో రా" అంటూ ఎవరైనా వస్తే పిల్లలు ఆ మాట అడగాలి. "మీ అబ్బాయి ఆస్పత్రిలో ఉన్నాడు, డబ్బు పంపండి" అని తెలిసిన గొంతుతోనే మోసగాళ్లు ఫోను చేస్తున్న రోజులివి, పెద్దలూ అదే అడగాలి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930.

ఆరో మెట్టు: ఛార్జింగ్‌ను బియ్యంలా కొలిచి వాడుకోవడం

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోనును రెండుసార్లు నింపుతుందని అనుకుంటాం. వోల్టేజి మార్పిడిలో కొంత పోతుంది, ఒకటిన్నర సార్లు నింపితే గొప్ప. దాన్ని నెలకోసారి నింపి పెట్టండి. ఖాళీ పవర్ బ్యాంకులు ఇళ్లలో ఎన్ని మూలుగుతున్నాయో లెక్కలేదు.

సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోను టవర్‌ను అందుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. జేబులో ఊరికే ఉన్నా కరిగిపోతుంది. కాబట్టి కబురు పంపాక ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మా ఒప్పందం ఇది: ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు అందరి ఫోన్లూ లేచి ఉంటాయి. 7 గంటలకు తెరుస్తాం, 7 గంటల 5 నిమిషాలకు మూస్తాం. ఈ మధ్యలో వచ్చిన ఎస్సెమ్మెస్‌లు కేంద్రంలో కాచుకుని ఉంటాయి కాబట్టి ఏదీ పోదు. చేతి గడియారం ఉంటే వేళ చూడటానికి ఫోను వెలిగించనక్కర్లేదు. నీళ్లు చుట్టుముట్టి సాయం కోసం చూస్తున్నవారికి ఈ నియమం వర్తించదు. వాళ్ల ఫోను తెరిచే ఉండాలి.

ఇంట్లో వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండైనా ఉండేలా చూసుకోండి. ఒక టవర్ ఆగితే మరొకటి ఉండవచ్చు. పెద్ద తుఫానుల్లో ఒక కంపెనీ వినియోగదారులు మరో కంపెనీ టవర్‌ను వాడుకునేలా టెలికాం శాఖ తాత్కాలికంగా అనుమతించిన సందర్భాలున్నాయి. అప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కంపెనీని చేత్తో ఎంచుకోవాల్సి రావచ్చు. ఎలాగో ఇప్పుడే చూసి పెట్టుకోండి. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్లలో రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టి, ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే టవర్ లేకపోయినా కొన్ని గంటలు మామూలు కాల్స్ నడవవచ్చు, మీ గల్లీ కేబుల్ పెట్టెకు కరెంటు ఉన్నంతవరకు.

ఏడో మెట్టు: కలుసుకునే చోట్లు మూడు

ఫోను ఏదీ పనిచేయకపోతే కాళ్లే కబురు. ఇంటి ముందు ఒక చోటు, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చోటు, ఊళ్లో మరో పక్క ఒక ఇల్లు. మొదటిది అగ్నిప్రమాదం వంటివాటికి. మాకు ఎదుటి వేపచెట్టు. రెండోది కాలనీలో ఎత్తున ఉన్న గుడి మండపం. మూడోది నారాయణగూడలోని ఆ స్నేహితురాలి ఇల్లు.

ఎత్తు చూసి ఎంచుకోండి. అండర్‌పాస్‌లు, నాలా పక్క దారులు, చెరువు కట్టలు, మలక్‌పేట రైల్వే వంతెన కింద వంటి నీళ్లు నిలిచే చోట్లు వద్దు. ఆ చోటికి వెళ్లే దారి కూడా నాలా దాటకూడదు. 2020లో ఆ పెద్ద వాన తగ్గిన నాలుగు రోజులకు మళ్లీ కురిసిన వానకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్‌లోకి నీళ్లొచ్చాయి. వాన ఆగింది కదా అని బయలుదేరడానికి ముందు కబురు మనిషిని ఒకమాట అడగడం మంచిది. టీవీ, వార్తలు చూడగలిగేది ఆ రోజు ఆమే. అసలు నియమం ఇది: నీళ్లు పారుతున్న వీధి దాటి ఎవరూ ఎవరినీ కలుసుకోవడానికి రావద్దు. మ్యాన్‌హోల్ మూత ఎక్కడ తెరుచుకుందో మురికి నీటిలో కనపడదు. ఉన్నచోటే పై అంతస్తుకు వెళ్లి కబురు పంపడం ఎప్పుడూ మేలు.

ఎనిమిదో మెట్టు: సాయం అడిగేటప్పుడు చోటు చెప్పడం

112 అన్ని అత్యవసరాలకూ ఒకటే నంబరు. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందుబాటులో ఉంటే ఫోను ఆ దారిలో 112 కలపడానికి చూస్తుంది. అంబులెన్స్‌కు 108, ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే. అగ్నిమాపకానికి 101, కరెంటు తీగలు తెగితే 1912, నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీకి 040-21111111. స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్‌ను వరుసగా నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కాలో ఫోనును బట్టి మారుతుంది, సెట్టింగ్స్‌లో చూసి ఇంట్లో అందరికీ చెప్పండి.

ఫోను కలిశాక చాలామంది తడబడేది "మీరెక్కడ ఉన్నారు" అన్న ప్రశ్న దగ్గర. మన ఊళ్లో దీనికి చక్కటి ఆనవాలు ఉంది, పిల్లర్ నంబరు. మెట్రో స్తంభాల మీద, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల మీద అంకెలు రాసి ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే కిలోమీటరు గుర్తు, దగ్గరి ఎగ్జిట్ నంబరు, ఎటు వెళుతున్న వైపో చెప్పాలి. 158 కిలోమీటర్ల రోడ్డులో వైపు తప్పు చెబితే అంబులెన్స్ తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లి తిరిగి రావాలి. కాలనీల్లో దుకాణం బోర్డు మీద అడుగున ఉండే చిరునామా చదవండి. ఇంటర్నెట్ ఉంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 8 గంటలకు పెట్టి కబురు మనిషికి ఒక్కరికే పంపండి.

తొమ్మిదో మెట్టు: గోడ పక్కవాళ్లు

బెంగళూరు వదిన కబురు మోయగలదు, తలుపు తట్టలేదు. ప్రతి ఇంటికీ నడిచి రాగల దూరంలో ఒక స్నేహితుడు, ఇంటి తాళం చెవి ఒకటి వాళ్ల దగ్గర ఉండాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబాన్ని, ఇంట్లో పనిచేసే ఆవిడను ఈ ఏర్పాటులో తప్పకుండా కలపండి. చాలా భవనాల్లో వాచ్‌మన్ గది సెల్లార్‌లోనే ఉంటుంది. నీళ్లు ముందుగా చేరేది వాళ్ల మంచాల కిందికి. వాళ్లు ఏ అంతస్తుకు రావాలో, ఎవరి తలుపు తట్టాలో ముందే మాట అనుకోండి.

వార్తల కోసం రెండు సెల్స్‌తో నడిచే చిన్న రేడియో కొనండి. ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్, ఎఫ్ఎం రెయిన్‌బో 101.9, వివిధభారతి 102.8. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ హెచ్చరికలు కూడా ఉపయోగమే. ఫోను ఉన్నట్టుండి పెద్దగా మోగి తెర మీద హెచ్చరిక కనిపిస్తే బెదిరిపోవద్దని పెద్దలకు చెప్పండి. 2023లో దేశమంతటా పరీక్షగా పంపినప్పుడు మా అమ్మ ఫోనును దిండు కింద దాచేసింది. చెరువు కట్ట తెగిందంటూ తిరిగే ఫార్వర్డ్‌లను గ్రూపులో పెట్టకూడదన్నది మా ఇంటి కట్టుబాటు.

ఆసక్తి ఉన్నవారికి రేడియోలో ఇంకో మెట్టు ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే వాకీటాకీలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. కాంక్రీటు భవనాల మధ్య కొద్ది వందల మీటర్లే అందినా ఒక కాలనీకి అది చాలు. అంతకు మించిన దూరానికి హామ్ రేడియో, అంటే మామూలు మనుషులు లైసెన్సుతో సొంతంగా నడుపుకునే రేడియో. 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. నేర్పే జాతీయ హామ్ రేడియో సంస్థ 1983 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. 2004 డిసెంబరు సునామీ వేళ అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, అప్పటికే అక్కడ ఉన్న ఆ సంస్థ బృందం, భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో, రేడియో మీద క్షేమ సమాచారాలు మోసింది. మా అమ్మాయి ఆ పరీక్షకు చదువుతోంది.

పదో మెట్టు: సాధన

కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించిన ఏర్పాటు ఆపద వేళ గుర్తుకు రాదు. చేతికి అలవాటైనదే గుర్తుకు వస్తుంది. రెండు నియమాలు ముందు చెబుతాను. సాధనలో పంపే ప్రతి కబురూ "సాధన" అనే మాటతో మొదలవ్వాలి, లేకపోతే ఎవరో నిజమనుకుని రోడ్డెక్కుతారు. 112, 108 వంటి నంబర్లకు సాధన కోసం ఎప్పుడూ చేయకూడదు, ఆ క్షణంలో ఎవరికో ఆ లైను నిజంగా అవసరం.

మొదటి వారం చీటీ పరీక్ష. భోజనాల దగ్గర ఫోన్లన్నీ ఒక గిన్నెలో పెట్టి అందరూ రెండు నంబర్లు, మూడు చోట్లు, ఐదు "ఎ"లు జ్ఞాపకం మీద రాయాలి. పది నిమిషాల పని.

తర్వాత ఒక ఆదివారం డేటా లేని గంట. మేము చేసినది చెబుతాను. సాయంత్రం 6 గంటలకు ఐదుగురం వేర్వేరు చోట్లకు వెళ్లాం. వైఫై, డేటా ఆపేశాం. 7 గంటలకు అందరి కబుర్లూ వదినకు చేరాలి, 7 గంటల 5 నిమిషాలకు వదిన నుంచి ఒకే సందేశం అందరికీ రావాలి. వచ్చింది ఇద్దరి కబురే. నా సందేశం పక్కన చిన్న గడియారం గుర్తు తిరుగుతూనే ఉంది, అది చాట్‌గా పోయింది. మా వారి ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లే లేవు. అబ్బాయిది చేరింది కానీ ఎక్కడ ఉన్నాడో రాయలేదు, "నేను బాగున్నాను అత్తా, నువ్వెలా ఉన్నావు" అని రాశాడు. అమ్మాయిది అచ్చు గుద్దినట్టు వచ్చింది. మా అమ్మ 2 బదులు 3 నొక్కి పట్టుకుంది, కాల్ గ్యాస్ ఏజెన్సీకి వెళ్లింది. ఆ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశాం. అమ్మ ఫోనులో 2 అంకె మీద నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టాను. వేలితో తడిమినా తెలుస్తుంది, చీకట్లో కూడా.

రెండోసారి నలుగురివి చేరాయి. మూడోసారి ఐదూ. అప్పుడు చెప్పకుండా సాధన పెట్టాం. ఏదో ఒక పనిదినాన వదిన "సాధన. ఐదు ఎలు" అని అందరికీ పంపుతుంది. అరగంటలో జవాబులు రావాలి. ఆఫీసు మీటింగులో, మెట్రోలో, ట్యూషన్‌లో ఉండగా వస్తే ఇబ్బందిగానే ఉంటుంది. నిజమైన రోజూ అలాంటి వేళకే వస్తుంది కాబట్టి మేము ఆ ఇబ్బందిని కావాలనే ఉంచుకున్నాం.

ఆ తర్వాత నడక. ఫోన్లు ఇంట్లో వదిలి రెండో చోటికి అందరూ కలిసి నడవండి. ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక టార్చితో. పెద్దల నడకకు ఎంతసేపు పడుతుందో రాసుకోండి. మా గుడికి మామూలుగా 8 నిమిషాలు, అమ్మతో 20. దారిలో ఒక నాలా మీది పలక పగిలి ఉందని ఆ నడకలోనే చూశాం, దారి మార్చుకున్నాం.

కబురు మనిషికీ సాధన కావాలి. ఒకసారి ఆమె ఫోను ఆపేసుకోమనండి. రెండో మనిషి దగ్గరకు అందరూ ఎంతసేపట్లో మళ్లుతారో చూడండి. మాకు మొదటిసారి 50 నిమిషాలు పట్టింది. ఇప్పుడు రెండు ప్రయత్నాలు కలవకపోతే మూడోది పుణేకే అని తేల్చుకున్నాం.

ఏడాది తేదీలు ఇలా పెట్టుకున్నాం: మే చివరి ఆదివారం, రుతుపవనాలు ఇక్కడికి చేరకముందే. ఆగస్టులో ఒకటి, దసరా సెలవుల్లో ఒకటి, సంక్రాంతికి అందరూ ఊరి నుంచి తిరిగొచ్చాక ఒకటి. మే సాధన రోజునే చీటీలు కొత్తగా రాస్తాం. జూన్‌లో స్కూలు మారుతుంది, ట్యూషన్ మారుతుంది, ఎవరిదో ఒకరి నంబరు మారుతుంది. పాత చీటీలు వెనక్కి తీసుకుని చింపేశాకే కొత్తవి చేతికిస్తాను. పెదనాన్న డైరీలో కూడా ఆ రోజే ఫోను చేసి సరిచేయిస్తాను. ఆ ఒక్క కాల్ మాత్రం ఎంతసేపైనా మాట్లాడుకుంటాం.